ఆవిరిలో ఒప్పందం

"మీ అంబులెన్స్ మా వైపు రావాలి," అన్నాడు తార్మో ఆవిరిలోకి.

"వస్తుంది," అంది ఆవిరి. "మీది మా వైపు రావాలి మరి."

"రాకేం?"

తార్మో తన చెవుల్ని తానే నమ్మలేదు. ఎస్టోనియా, లాత్వియా యూరోపియన్ యూనియన్‌లో చేరి ఏడాది దాటింది. రెండు దేశాల మధ్య సగానికి చీలిన ఊరి నడివీధిలో సరిహద్దు గేటు మాత్రం, తుప్పు పట్టడానిక్కూడా పైనుంచి అనుమతి రావాలన్నట్టు అడ్డంగానే ఉంది. లాత్వియా అంబులెన్స్ రెండు వీధుల అవతలే ఉంటుంది, గేటు దాటదు. ఎస్టోనియాది ఎక్కడో పట్నం నుంచి రావాలి. అదొచ్చేలోపు పుట్టిన బిడ్డకి పళ్ళొస్తాయని ఊళ్ళో అనుకుంటారు. తార్మో భార్య హెల్వేకి నెలలు నిండాయి. అందుకే ఎస్టోనియా వైపు మున్సిపాలిటీ తరఫున ఈ చర్చకి పట్టుబట్టి తనే వచ్చాడు.

ఇలాంటి మాటలు సౌనాలోనే, అంటే ఆవిరిస్నానాల గదిలోనే, మాట్లాడుకోవడం అక్కడి ఆనవాయితీ. బట్టలు, ఫోన్లు, హోదాలు బయట కొక్కేనికి తగిలించి రావాలి. తనకి సాయంగా ఎస్టోనియా రాజధాని టాలిన్ నుంచి రావాల్సిన మంత్రిత్వశాఖ అధికారి రైలు ఆలస్యం కావచ్చని కబురొచ్చింది. ఆయన్ని తార్మో ఎప్పుడూ చూడలేదు. అవతలి ప్రతినిధి, లాత్వియా అంబులెన్స్ స్టేషన్ పెద్ద గుంటిస్‌నీ చూడలేదు. తలుపు తీస్తే పై బల్ల మీద ఒకే ఒక ఎర్రటి ఆకారం. తార్మో రష్యన్‌లో పలకరించాడు. ఒకరి భాష ఒకరికి రాని చోట, సోవియట్ రోజుల్లో చిన్నప్పుడు బడిలో తిట్లు తిని నేర్చుకున్న ఆ భాషే దిక్కు. ఆయన రష్యన్ ఇంకా అధ్వాన్నం.

పొయ్యి మీద కాలిన రాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. బర్చ్ ఆకుల వాసన లేచింది. చిన్న కిటికీలోంచి జూన్ సాయంత్రపు వెలుగు పాలలా ఒలికి, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియకుండా చేసింది. దేశాలు కూడా ఇలాగే కరుగుతాయేమో అనిపించింది తార్మోకి.

"గేటు దగ్గర కాగితాలు అడగకూడదు," అన్నాడు.

"నేనూ అదే అందామనుకున్నా. మీవాళ్ళు మహా మొండివాళ్ళని చెప్పారే మాకు?"

"మాకూ మీ గురించి అదే చెప్పారండీ."

సౌనా మర్యాద ప్రకారం బర్చ్ కొమ్మల కట్టలతో ఒకరి వీపు ఒకరు బాదుకుంటూ నవ్వుకున్నారు. చరిత్రలో ఏ రెండు దేశాలూ ఇంత తొందరగా ఒక మాట మీదికి రాలేదు. దేశాలే కలిపేద్దామన్నా ఆయన సరేననేవాడు. తార్మోయే మొహమాటపడి అడగలేదు.

చెరువులో మునిగొచ్చి, తువ్వాళ్ళు చుట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. సంతకాలైపోతే ఇక హెల్వేకి భయం లేదు. నీళ్ళ మీద మంచు తెర మెల్లగా కదులుతోంది. అందులోంచి ఒకాయన రొప్పుతూ వచ్చాడు.

"తార్మో గారెవరండీ?"

"నేనే. టాలిన్ నుంచేనా?" తార్మో లేచి చెయ్యి చాచాడు.

"టాలిన్ నుంచి వచ్చింది నేను కదండీ," అన్నాడు పక్కన తువ్వాలు చుట్టుకున్నాయన, ఎస్టోనియన్‌లో.

"నేను గుంటిస్‌నండీ. మీ ఆవిడని మా ఆసుపత్రిలో దింపి వస్తున్నా."