ఏ కాలు ముందు?

“ఆ మట్టెలు తీసీయే, గుచ్చుకుంటాయి” అంది తాయారు, చాప మీద బోర్లా పడుకుని.

దుర్గకి తియ్యబుద్ధి కాలేదు. పెళ్ళై నెల కూడా కాలేదు. గచ్చు మీద ఆ చిన్న చప్పుడు వినడానికే పని లేకపోయినా ఇల్లంతా తిరుగుతోంది.

“నాకు భయమేస్తంది అత్తా. మీ మీద కాలెయ్యడమేటి?”

“ఎదురుకాళ్ళతో పుట్టిన కోడలు ఇంట్లో ఉంటే భయమేటే? నీ కాలు పడితే పట్టేసిన నడుం వదిలేస్తాది. పెళ్ళిచూపుల్లో మీ అమ్మ ఆ మాట సెప్పగానే సంబంధం ఖాయం సేసీసాను.”

గుమ్మంలోంచి ప్రమోద్ స్కానింగ్ ఫిల్మ్ ఊపాడు. “అమ్మా, ఇది పట్టెయ్యడం కాదు. డిస్కు జారి నరాన్ని నొక్కేస్తంది. దాని మీద బరువు పడితే కాళ్ళు సచ్చుబడిపోతాయని డాక్టర్ సెప్పలేదా?”

“ఆపరేషనని కూడా సెప్పాడు. నా నడుం మీద కత్తి పడనివ్వను. నువ్వు అవతలికి పోరా!”

దుర్గకి భయంతోపాటు లోలోపల కాస్త గర్వంగానూ ఉంది. తన కాలికి ఇంత విలువుందని బొబ్బిలి వచ్చాకే తెలిసింది. పుట్టింట్లో నాన్నకి నడుం పట్టేసినా, అమ్మ ఉప్పు వేయించి కాపడం పెట్టేదే తప్ప, తనని తొక్కనిచ్చేది కాదు. “దీన్ని కనేసరికి సచ్చి బతికాను. అందుకే మరొకర్ని కనలేదు” అని మాత్రం అందరికీ చెప్పేది.

మట్టెలు తీసి కొంగున ముడేసుకుంది. “ఏ కాలుతో తొక్కాలి అత్తా?”

“పుట్టినప్పుడు ముందొచ్చిన కాలుతో. రెండోది పడిందో, ఉన్న నడుం కూడా పోద్దంటారు. మీ అమ్మనడుగు.”

దుర్గ స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. శ్రీకాకుళంలో లక్ష్మణమ్మ ఎత్తింది.

“అమ్మా, నేను పుట్టినప్పుడు ఏ కాలు ముందొచ్చింది? అత్త నడుం తొక్కాలి.”

అవతల ఏదో గిన్నె కింద పడింది.

“వద్దే. తొక్కకు.”

“ఏటి వదినా, కూతురి కాలు కూడా దాసుకుంటావేటి?” నవ్వబోయి తాయారు మూలిగింది. “కుడో ఎడమో సెప్పీ.”

“కుడే అయ్యుంటాది. ఇదిగో, ఎత్తీసాను” అంది దుర్గ, గోడ పట్టుకుని.

“దింపు! కాలు దింపు! ఏ కాలో నాకు తెల్దు!”

“మర్చిపోయావా అమ్మా?”

“మర్చిపోడం కాదే... నాకు తెల్దు.”

ప్రమోద్ వచ్చి దుర్గ చెయ్యి పట్టుకున్నాడు. తాయారు చాప మీంచి తల పైకెత్తింది.

“అదేటి వదినా! కన్నతల్లివి, నీకు తెలీకపోడమేటి?”

ఫోన్‌లో లక్ష్మణమ్మ గొంతు, కూతురితో:

“నువ్వు మా ఇంటికొచ్చేసరికే నడుస్తన్నావు.”