బామ్మర్ది నిలబడే జాగ

...వదిలేస్తే?

ఆ మాట తన లోపల ఎవరన్నారో సాయిచైతన్యకు తెలియలేదు. తను అనలేదు. అనుకోనూ లేదు. కానీ ఎవరో అన్నారు, మెల్లగా, చెవికి లోపలి వైపు నుంచి. అరచేతులు చెమటతో జారుతున్నాయి. ఆ చేతుల్లో తాడుంది. అది డాబా మీది నీళ్ల ట్యాంకు స్తంభాన్ని రెండు చుట్లు చుట్టుకుని, పిట్టగోడ మీదుగా కిందికి దిగింది. దాని కొసన, అశోక్ నగర్ రోడ్డుకు ఐదంతస్తుల ఎత్తున, పీరయ్య వేలాడుతున్నాడు.

"గుంజకు తమ్మీ. వదలకు. అంతే," అంది పీరయ్య భార్య హనుమమ్మ, పక్కనే గచ్చు మీద కూర్చుని.

"వదలను అక్కా."

గొంతు తనది కాదనిపించింది.

అడవి అంచున కొండ మీద తన కంపెనీ రిసార్టు కట్టాలంటే అక్కడి చెంచు గూడెం ఒప్పుకోవాలి. గూడేనికి పెద్ద పీరయ్య. ఇప్పటికే రెండుసార్లు వద్దన్నాడు. మళ్లీ అడగడానికి భార్యాభర్తలిద్దరినీ కంపెనీ సిటీకి పిలిపించింది, వాళ్లను చూసుకునే పని సాయిచైతన్యకు అప్పజెప్పింది. వరస కలిపి పిలువు, దూరం దానంతటదే పోతుంది అని శిక్షణలో చెప్పారు. పొద్దున బస్సు దిగిన దగ్గర్నుంచీ అక్కా, బావా అంటూనే ఉన్నాడు. "నిజంగనేనా?" అని హనుమమ్మ ఆగి అడిగితే, "నిజంగానే అక్కా," అన్నాడు కూడా. ఆ మాట మధ్యాహ్నానికి తాడై చేతికొస్తుందని అతనికి తట్టలేదు.

ఆఫీసు కిటికీ పైన, సజ్జా కింద, చాటంత తేనెతుట్టె. సాయంత్రం మనుషులొచ్చి మందు కొట్టి కాల్చేస్తారని వినగానే పీరయ్య కుర్చీలోంచి లేచాడు.

"కాల్చుడెందుకు? పొగ వెడితె పోతయి. ఓ తాడు దెప్పియ్యి."

వాళ్లు ఏమడిగినా కాదనొద్దని బాస్ పవన్‌కుమార్ హుకుం. తాడు వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి వాచ్‌మన్ నగేష్‌ని పిలుస్తానన్నాడు సాయిచైతన్య. "నాకంటే బలమైనవాడు బావా."

పీరయ్య నవ్వాడు. "బలంతోని ఏం పని? తేనెకు దిగేటోని తాడు పెండ్లాం తమ్ముడే వట్టాలె. సొంత అక్క బతుకు ఎవడన్న ఆగం జేస్తడా?"

"మా తమ్ముడు జరమొచ్చి పాయె," అంది హనుమమ్మ. "ఇగ నువ్వున్నవ్ గద."

ఇప్పుడు పిట్టగోడ అవతల పచ్చి వేపాకు పొగ లేస్తోంది. ముందు హోరు వినిపించింది. తర్వాత తేనెటీగలు కనిపించాయి. ఒకటి మెడ మీద కుట్టింది. సాయిచైతన్య ఒళ్లు ఝల్లుమంది. తాడు సర్రున జారింది, మూరెడు. అరచెయ్యి మండిపోయింది.

"ఏయ్!" కింది నుంచి కేక.

పట్టుకున్నాడు. పళ్లు బిగించి, మడమలు గచ్చుకు తన్నిపెట్టి పట్టుకున్నాడు. జారిందా? వదిలానా? "ఆ ముసలాయన ఒక్కడు లేకపోతే గూడెం ఎప్పుడో దారికొచ్చేది" అని నిన్న పవన్‌కుమార్ టీ తాగుతూ అన్నాడు. అప్పుడు తను తల ఊపాడు. ఊరికే, మర్యాదకి. ఆ ఊపిన తలే ఇప్పుడు ఈ చేతుల పైన ఉంది. అతనికి ఎత్తంటే భయం వెయ్యలేదు, ఈగలంటే కూడా కాదు. తన పది వేళ్లంటే భయం వేసింది.

జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది.

"అక్కా," అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడకపోతే ఆ గొంతు మళ్లీ లేస్తుందని. "బావ మా కంపెనీకి వద్దంటున్నాడు కదా. నా చేతికి తాడివ్వడానికి భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? కొండల దిగినప్పుడల్ల భయమే. మీద ఎవడు నిలవడ్డడో ఎర్కుంటె జర తక్కువ." ఆమె చూపు తాడు మీంచి కదల్లేదు. "కొండ మీద బామ్మర్ది నిలవడే బండ ఒకటుంటది. మీరు గదులు కడ్తమన్నది గా బండ మీదనే. గప్పుడు మా తమ్ముళ్లు ఏడ నిలవడాలె, చెప్పు?"

ఆ బండ అతనికి తెలుసు. రిసార్టు నమూనా బొమ్మల్లో దానికి వ్యూ పాయింట్ అని పేరు పెట్టింది తనే.

తాడు ఊగింది. పిట్టగోడ మీద ఒక చెయ్యి, తర్వాత పొగబట్టిన తల. పీరయ్య గోడ దాటి, నడుముకు కట్టుకున్న తేనె డబ్బా దించి, గచ్చు మీద కూలబడ్డాడు.

"నడుమల తాడు జారింది," అన్నాడు రొప్పుతూ.

"జారింది బావా. నేనే..."

"ఎర్కయింది. మల్ల వట్టినవ్ గద."

"ఇగ ఇడువు," అంది హనుమమ్మ. సాయిచైతన్య వేళ్లు తెరుచుకోలేదు. ఆమె ఒక్కొక్క వేలే విప్పింది. తోలు లేచిన అరచేతిలో కాస్త తేనె రాసింది.

ఫోన్ మళ్లీ మోగింది. హనుమమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని, అతని జేబులోంచి ఫోన్ తీసి అందించింది. తేనె అంటిన వేలితో నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఎన్నిసార్లు చెయ్యాలి?" పవన్‌కుమార్. "నారాయణగూడలో మిఠాయి తీసుకున్నా. చిక్కడపల్లి సిగ్నల్ దగ్గరున్నా, వచ్చేస్తున్నా. ఇంతకీ ముసలాయన ఏమంటున్నాడు? ఒప్పుకున్నారా వాళ్లు?"

సాయిచైతన్య రెండో చేత్తో ట్యాంకు స్తంభాన్ని పట్టుకున్నాడు.

"లేదు సార్," అన్నాడు. "మేం ఒప్పుకోలేదు."