కండువా రంగు

కాకినాడలో తిలోత్తమ వంకాయ పులుసు కలుపుతుండగా గోడకున్న గొంతుపెట్టె మోగింది. ఆ కాలంలో పార్టీవాళ్లెవరూ నోరు నొప్పించుకునేవారు కాదు. ఎవరి ప్రకటనైనా ఆ పెట్టే అల్లి, ఆ మనిషి గొంతుతోనే వినిపించేది. మనిషి వేలిముద్ర వేస్తే చాలు, ఊరంతా మోగేది. ఫిరాయింపులు ఎంతగా పెరిగాయంటే, కండువాలు కూడా చిటికెలో రంగు మార్చుకునేవి.

ఈసారి ఆరోపణ సొంత పార్టీ ఎమ్మెల్యే మీద. తన ఆఫీసులో పనిచేసే అమ్మాయిని చెయ్యి పట్టుకు లాగాడట. మహిళా విభాగం అధ్యక్షురాలు తిలోత్తమే కనుక, వేలిముద్ర కోసం ఆవిడ గొంతుతో పెట్టె ముసాయిదా చదివింది: "రుజువులేవీ? ఇన్నాళ్లూ ఎందుకు నోరు మూసుకుంది?"

తిలోత్తమ గరిటె ఆపింది. "నిరుడు అవతలి పార్టీ మంత్రి మీద నేనన్నది వినిపించు."

"ఆడపిల్ల ధైర్యం చేసి చెప్పిందంటే, ముందు వినండి!"

"అదే. మంత్రి పేరు తీసి మన ఎమ్మెల్యే పేరు పెట్టు."

ఆ మాట పార్టీ ఆఫీసుకి చేరినట్టుంది, జిల్లా అధ్యక్షుడు వీర్రాజు ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, తొందరపడకు. ఆడు మనోడమ్మా!"

"మరి ఆ పిల్ల ఎవరిదండీ?" అంటూ తిలోత్తమ వేలిముద్ర వేసేసింది. వీధిలోంచి తన గొంతే ఖంగుమని వినబడింది.

పెట్టె మర్యాదగా అడిగింది: "మీరు పార్టీ మారినట్టున్నారు. కండువా రంగు మార్చమంటారా?"

తిలోత్తమ కొక్కేనికున్న కండువా లాగి, మడతపెట్టి, దాంతోనే కుతకుతలాడే గిన్నె దించింది.

"నా మాట మారలేదు. కండువాయే మసిగుడ్డయింది. రాసుకో."