మూడో ఫిల్ము

దయాసాగర్ హైదరాబాదులో లేజర్ పరిశోధకుడు. గాలి తోడేసిన ఉక్కుపెట్టెలో పరమాణువుల గుంపుల మీద లేజర్ కొడితే, అవి పేలి ఎక్స్ కిరణాలు చిమ్ముతాయి. పెట్టెలోపల ఒకదాని తర్వాత ఒకటిగా ఆ మెరుపు పడిన మూడు ఫిల్ములను క్రిస్మస్‌కి ఇంటికి వస్తూ తెచ్చుకుని, పొద్దుగూకాక ఆత్మకూరులో చెల్లెలు షైనీ ఫోటో స్టూడియో చీకటిగదిలో ఒక్కొక్కటే కడగసాగాడు.

మొదటిదాంట్లో చేతి ఎముకలు కనబడ్డాయి.

“ఎవురి చెయ్యన్నా ఇది?”

“ఆ పెట్టెలో చెయ్యి పట్టే సందే లేదు మే.”

రెండోదాంట్లో ఆ చెయ్యి ఇంకా దగ్గరికొచ్చి, వేళ్లు ఫిల్ముకు ఆనించి ఉంది.

“మూడోది కడగబాకన్నా.” షైనీ అతని మణికట్టు పట్టుకుంది.

చూడకుండా అతను ఉండలేకపోయాడు. మూడోదాంట్లో మెరుపు మచ్చ తప్ప ఏమీ లేదు. దయాసాగర్ ఊపిరి వదిలాడు.

“చూసినావా, పోయింది.”

“ఎక్కడికి పోయిందన్నా?”

ఎర్ర బల్బు వెలుగులో, తలుపు తీయడానికి ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.