డబ్బా మీద పేరు

చెత్త బిన్లు బయట పెట్టడానికి వెళ్ళిన బాలమురళి, పక్కింటి శేషుకుమారి ఆంటీ దగ్గర్నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. డబ్లిన్‌లో ఉన్న ఆవిడ కూతురు గీతిక ఏదో పాడ్‌కాస్ట్ విందట. ఏ కంపెనీ అండా లేకుండా ఇద్దరు ఐరిష్ వాళ్ళు సొంతంగా నడుపుకునేదట. ఎన్నికలు, ఇళ్ళ అద్దెలు, న్యాయం, అన్యాయం అన్నీ అందులో మాట్లాడుకుంటారట. ఈ వారం ఎవరో తెలుగబ్బాయిని పిలిస్తే, అక్కడి బస్టాపులో తాను తన్నులు తిన్న సంగతి చెప్పాడట. పేరు దాచారట, గొంతు మార్చారట.

"మార్చినా సరే, మీ తమ్ముడి గొంతులాగే ఉందంటోందట గీతిక," అని భార్యతో చెప్పి ముగించాడు.

శ్రీదేవి స్టవ్ కట్టేసింది. ఆఫీసు బట్టలైనా ఇంకా మార్చుకోలేదు.

"మొన్నేగా అఖిల్ మాట్లాడింది. బస్సు దిగుతూ జారిపడ్డానన్నాడు. పెదవి చిట్లితే..."



ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాడ్‌కాస్ట్ పెట్టారు.

"ఇళ్ళు దొరక్కపోవడానికి మీరొచ్చి నింపెయ్యడమే కారణమంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది ఐరిష్ ఆవిడ.

"నాకూ దొరకలేదు. ఒక గదిలో నలుగురం సర్దుకుంటున్నాం," అంది నూతిలోంచి వస్తున్నట్టున్న గొంతు.

బాలమురళి నవ్వబోయి మానుకున్నాడు.

"ఆ రోజు ఏం జరిగింది?"

"ముగ్గురు. మీసాలైనా రాని పిల్లలు. సంచీ లాక్కుంటే అన్నం డబ్బా బయటపడింది. మూత మీద అక్షరాలు చూసి, ఏమిటిది, చదవమన్నారు. మా వైపు స్టీలు సామాను మీద పేరు కొట్టిస్తారు. అది మా అక్క పేరు. చదివాను."

"ఏమని?"

కీచుమని ఒక చప్పుడు. పేరు వినబడకుండా చేశారు.

"ఆ పేరు పెట్టి పిలుస్తూ తన్నారు. ఇప్పటికీ బస్టాపులో ఆ పేరుతోనే పిలుస్తారు. పలుకుతున్నాను. పలక్కపోతే వెంటపడతారు."

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను. రాసుకున్నారు. టీ ఇచ్చారు."

"ఇంట్లో?"

"లేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం నాకన్నీ చెబుతారా?"

"వేరే దేశం పోవాలనిపించలేదా?"

"ఏ దేశం?" అంది ఆ గొంతు.



శ్రీదేవి ఫోన్ ఆపేసింది. ఆ డబ్బా తన పెళ్ళి సామానులోది. డబ్లిన్ వెళుతూ అఖిల్ అడిగి మరీ పట్టుకుపోయాడు.

"వాణ్ణి ఆస్ట్రేలియా రప్పించేద్దామండీ. ఏజెంట్‌తో మాట్లాడి వీసా ప్రాసెస్ స్టార్ట్ చేయించండి."

"ముందు వాడు ఒప్పుకోవాలిగా."

"ఒప్పిస్తా."

వీడియో కాల్ చెయ్యబోయి లేచింది. ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉన్న బొట్టుబిళ్ళ తీసి నుదుట పెట్టుకుంది. అది చూసి బాలమురళి ముఖం తిప్పుకున్నాడు.

డబ్లిన్‌లో అప్పుడే తెల్లవారింది. అఖిల్ ఆఫీసుకి తయారవుతున్నాడు. పెదవి మీద పక్కు కట్టి ఉంది.

"లంచ్‌కేం పట్టుకెళుతున్నావురా?"

"పెరుగన్నం అక్కా."

"డబ్బా చూపించు."

"ఏ డబ్బా?"

"నా డబ్బా."

"అదా, ఆఫీసులో మర్చిపోయా."

"మరి పెరుగన్నం దేంట్లో పెట్టావు?"

అఖిల్ నవ్వబోయాడు. పెదవి నొప్పెట్టినట్టుంది, ఆపేశాడు.

"విన్నాంరా. నేనూ బావా ఇద్దరం విన్నాం."

"అది నేను కాదక్కా."

"నా పేరు పెట్టి నిన్ను తన్నారు. నాకు చెప్పవా? ఇంత కడుపులో పెట్టుకుని, జారిపడ్డానని చెబుతావా?"

"చెబితే ఏం చేస్తావు?"

"ఇక్కడికి తెచ్చేసుకుంటా. ఇంత ఇంట్లో మేమిద్దరమేగా. బావ రేపే ఏజెంట్‌తో మాట్లాడతారు. ఆస్ట్రేలియా వచ్చెయ్‌రా."

"అక్కడ బాగుంటుందా?"

"ఇక్కడ ఇట్లాంటివేం లేవు. మన పాటికి మనం పోతాం, వస్తాం. మా పేట, ఈ పాయింట్ కుక్‌లో సగం మనవాళ్ళే. నన్ను చూడట్లా?"

"ఆఫీసుకి రైల్లోనేగా నువ్వు?"

"ఈమధ్య కార్లో పోతున్నా. ట్రాఫిక్ ఉంటే మాత్రమేం, పాటలు వింటూ పోవచ్చు."

బాలమురళి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పక్కింటి ముందు శేషుకుమారి ఆంటీ ఫోన్ చెవిన పెట్టుకుని, చెయ్యి తిప్పుతూ ఎవరికో ఏదో చెబుతూ పచార్లు చేస్తోంది.

అఖిల్ ఫోన్‌ని ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. అక్క నుదుటి వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకురా అట్లా చూస్తావు? వస్తానని చెప్పు."

"గీతిక ఇక్కడి కబుర్లు వాళ్ళమ్మకి చెబుతుంది. అక్కడివి వాళ్ళమ్మ గీతికకి చెప్పకుండా ఉంటుందా అక్కా?" అన్నాడు మెల్లగా. "రైల్లో నీ బొట్టు గోటితో గీకేశాడే, వాడు నిన్ను ఏ పేరు పెట్టి పిలిచాడు?"