లారీ ఎక్కిన మిషన్లు

కుట్టు మిషన్లను ఒక్కొక్కటిగా లారీకెక్కిస్తుంటే అక్క ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి చూస్తోంది. ఇదే కంపెనీ రాజధానిలో ఇవే చొక్కాలు కుట్టేవాళ్లకు రెట్టింపు జీతమిస్తోందని తెలిసి, తమకూ అంతే ఇవ్వాలని అందరినీ కూడగట్టి పని ఆపించింది తనే. యజమాని పల్లెత్తు మాట అనలేదు. ఫ్యాక్టరీనే ఎత్తేశాడు.

"నీ పుణ్యమా అని రోడ్డున పడ్డాం తల్లీ!" అంది ఇన్నేళ్లూ పక్క మిషను మీద కుట్టినావిడ.

అప్పుడే చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె ఉండేది ఎక్కడో దూరాన, వానలు కూడా మొహం చాటేసిన పుట్టింటి ఊళ్లో.

"అక్కా, మన ఊళ్లో చొక్కాల ఫ్యాక్టరీ పెడుతున్నారు! రేపో మాపో మిషన్లు లారీలో వస్తాయట. నన్ను పనిలోకి తీసుకున్నారు!"

"జీతం ఎంతన్నారు?"

"నీకిచ్చేదాంట్లో సగం. ఇక్కడ ఆ సగం ఇచ్చే నాథుడు మాత్రం ఎవడున్నాడక్కా? చేరమంటావా?"

లారీ కదిలింది. అది మలుపు తిరిగేదాకా అక్క దానివైపే చూసింది.

"చేరవే," అంది చివరికి. "తలొంచుకుని కుట్టుకో. జీతం పెంచమని మాత్రం ఎప్పుడూ అడక్కు."