రెండో ప్రియురాలు

"వద్దు లెషెక్, ఆ తలుపు తియ్యకు," అంది గ్రాజినా.

లెషెక్ తెర మీంచి చూపు తిప్పలేదు. కంప్యూటర్ ఆటలో వీరుడు వోయ్‌మిర్ వానలో నిలబడి ఉన్నాడు. ఎడమ తలుపు వెనక మంత్రగత్తె యరోగ్నా. కుడి తలుపు వెనక మూలికల వైద్యురాలు వెల్నా. ఒకటి తీస్తే రెండోది ఇక ఎప్పటికీ తెరుచుకోదు.

"ఈ ఆటకి మూలమైన నవలల్లో వెల్నా అనే మనిషే లేదు. ఏడు నవలలూ నాకు చదివి వినిపించింది నువ్వే. పెళ్లికి ముందు, ట్రాములో. వోయ్‌మిర్‌కి యరోగ్నా ఒక్కతే అనేవాడివి."

"అది పుస్తకం. ఇది ఆట. ఎవరు కావాలో మనమే ఎంచుకోవాలి. అందుకేగా రెండో ఆవిణ్ణి పెట్టారు!"

"యరోగ్నా గొంతు నాది."

"తెలుసు తల్లీ. రోజూ ఆ గొంతుతోనేగా తిట్లు తింటున్నాను."

అతను నవ్వాడు. గ్రాజినా నవ్వలేదు.

కుడి తలుపు తెరుచుకుంది. వెల్నా నవ్వింది.

ఆ నవ్వు గురించి గ్రాజినాకి తెలియనిది లేదు. స్టూడియోలో దాన్ని ఏడుసార్లు రికార్డు చేశారు. ఏడోసారి అద్దం అవతల డైరెక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఉదయం యరోగ్నా మాటలు, మధ్యాహ్నం వెల్నా మాటలు. రికార్డింగు జరిగిన మూడు వారాలూ గ్రాజినా సాయంత్రం దాకా అక్కడే ఉంది.

"ఎంత హాయిగా ఉందో ఆ గొంతు! పిల్లకి ఇరవై ఏళ్లుంటాయేమో. ఎవరు?" అన్నాడు లెషెక్.

వెల్నాకి గొంతు ఎవరిచ్చారో ఆట తయారుచేసిన సంస్థ ఎక్కడా వెయ్యలేదు. నవలల అభిమానులు ఈ కొత్త ప్రియురాలి మీద కత్తులు నూరుతున్నారు. అందుకని పేరు బయటపెట్టకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు.

"తెలుసు. చెప్పకూడదు."

"మొగుడికి కూడానా?"

"ముఖ్యంగా మొగుళ్లకి."

వారం రోజుల్లో అతను ఆటని వెనక్కి తిప్పి ఆ ఘట్టం నాలుగుసార్లు ఆడాడు. నాలుగుసార్లూ కుడి తలుపే. గ్రాజినా వంటింట్లో బీట్‌రూట్లు తరుగుతూ వింటూ ఉండేది. "అలిసిపోయావా?" అని వెల్నా అడిగితే అతను తెరకేసి తల ఊపేవాడు. అదే మాట గ్రాజినా అడిగితే, తల కూడా ఎత్తకుండా "ఊఁ" అనేవాడు.

గురువారం అతనే వంటింట్లోకి వచ్చాడు. తన పేరుగల సెయింట్ పండగ, పుట్టినరోజులా జరుపుకునే నామదినం, దగ్గరపడింది.

"శనివారం నా నామదినం కదా. ఆ అమ్మాయిని ఒక్క ఫోన్ చెయ్యమనవూ? పేరు కూడా అక్కర్లేదు. ఆ గొంతుతో ఒక్క మాట, చాలు."

గ్రాజినా చేతిలో కత్తి ఆగింది.

"ముందు నువ్వొకటి చెయ్యి. ఒక్కసారి ఎడమ తలుపు తియ్యి."

లెషెక్ ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు.

"తీద్దామనే అనుకుంటా గ్రాజ్కా. కానీ యరోగ్నా దగ్గరికి వెళ్తే ఆట ఆడినట్టు ఉండదు. ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది."

ఆమె మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ముక్కలు ఒక్కటీ సరిగ్గా రాలేదు.

"సరే. అడుగుతాను," అంది చివరికి.

శనివారం లెషెక్ రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. గ్రాజినా పుట్టినరోజుకి కూడా వేసుకోని నీలం చొక్కా తీశాడు. చెల్లెలు హలీనా పూలతో, స్ట్రాబెర్రీ కేకుతో వచ్చింది. అతను కేకు ముట్టలేదు.

"ఏంటన్నయ్యా, ఫోన్‌కేసి అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? ప్రధానమంత్రి చేస్తాడా?"

"అంతకన్నా పెద్దవాళ్లే."

"వదినా, నీ మొగుడు చెయ్యి జారిపోయేలా ఉన్నాడు. కాస్త చూసుకో!"

"చూస్తూనే ఉన్నాను," అంది గ్రాజినా.

మూడింటికి ఫోన్ వస్తుందని పొద్దున్నే అతనికి చెప్పేసింది. మూడుకి అయిదు నిమిషాలుండగా కుర్చీలోంచి లేచింది.

"కేకు మీదకి మీగడ చాలేలా లేదు. కింద కొట్టుకి వెళ్లొస్తాను."

ఇంకో రోజైతే అతనే పరిగెత్తేవాడు.

"వెళ్లిరా, వెళ్లిరా. తొందరేం లేదు," అన్నాడు. కళ్లు ఫోన్ మీదే.

గ్రాజినా తలుపు దగ్గరగా వేసింది. ఆ "తొందరేం లేదు" అనే మాట మెట్ల మీద ఆమెతోపాటే దిగింది. మొదటి అంతస్తు మలుపులో కిటికీ పక్కన ఆగింది. కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

సరిగ్గా మూడింటికి, నంబరు కనబడకుండా భర్తకి ఫోన్ కలిపి, స్టూడియోలో ఆ మధ్యాహ్నాలన్నీ వెల్నాకి తానే ఇచ్చిన గొంతుతో, "నిండు నూరేళ్లు, లెషెక్!" అంది గ్రాజినా.